“ఒప్పుకున్నాను” అని ఇంగ్లీషులో రాయాలంటే: యాక్సెప్ట్ ఎక్కడ, అగ్రీ ఎక్కడ, అడ్మిట్ ఎక్కడ

“ఆఫర్ లెటర్ వచ్చిందండీ, ఐ యాక్సెప్ట్ అని రాయాలా, ఐ అగ్రీ అని రాయాలా?” “సెలవు కోసం మెయిల్ పెడుతున్నా, ప్లీజ్ యాక్సెప్ట్ మై లీవ్ అనొచ్చా?” “సరుకు ముట్టిందని రాయాలి, యాక్సెప్టెడ్ అంటే సరిపోతుందా?” విజయవాడలో, గుంటూరులో ఇంగ్లీషు ఉత్తరాలూ మెయిళ్లూ దిద్దిపెట్టే పని నాది. ఈ మూడు ప్రశ్నలే మనుషులు మారి మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందరికీ విడివిడిగా ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం నయం.

యాక్సెప్ట్‌కు పది పర్యాయపదాలు బట్టీ పట్టాలని కూర్చుంటే మాత్రం ఆ పని మానుకోండి. పరీక్షలో మార్కులు రావచ్చేమో గానీ ఉత్తరం చెడుతుంది. ఎందుకంటే గొడవ ఇంగ్లీషు వైపు లేదు, మన వైపే ఉంది. ఒప్పుకోవడం అనే ఒక్క క్రియతో మనం పెళ్లిచూపుల నుంచి పోలీస్ స్టేషన్ దాకా నెట్టుకొస్తాం. సంబంధానికి ఒప్పుకున్నారు, తప్పు ఒప్పుకున్నాడు, కాంట్రాక్టు పని ఒప్పుకున్నాడు, ప్రయాణానికి డాక్టరు ఒప్పుకోవట్లేదు, పొలం అమ్మడానికి మనసు ఒప్పుకోవట్లేదు. ఇంగ్లీషులో ఈ అయిదింటికీ అయిదు వేర్వేరు మాటలు పడతాయి. యాక్సెప్ట్ వీటిలో ఒక్కదానికి కూడా మొదటి ఎంపిక కాదు.

ఏమేం కావాలి

మీరు జవాబిస్తున్న అసలు ఉత్తరం ఎదురుగా ఉండాలి. గుర్తున్నంత వరకు రాద్దామనుకోకండి. ఒక కాగితం, పెన్ను. ఫోన్లో ఆక్స్‌ఫర్డ్ లేదా కేంబ్రిడ్జ్ వాళ్లు నేర్చుకునేవారి కోసం పెట్టిన ఉచిత నిఘంటువు. అందులో అర్థం కన్నా కింద ఇచ్చే ఉదాహరణ వాక్యాలే మీకు పనికొస్తాయి. తెలుగు వాక్యం పడేస్తే ఇంగ్లీషు ఇచ్చే యాప్ ఉంటే ఈ పని అయ్యేదాకా మూసేయండి. “ఒప్పుకున్నాను” అని ఒక్క మాట ఇస్తే, మీరు ఒప్పుకున్నది ఉద్యోగమో దొంగతనమో దానికి ఎలా తెలుస్తుంది?

1. ముందు తెలుగులో పూర్తి వాక్యం రాయండి

“ఒప్పుకున్నాను” అని వదిలేయకండి. ఎవరు, దేన్ని లేదా దేనికి, ఎవరితో అన్నీ రాయండి. “మీరు ఇస్తామన్న అకౌంటెంట్ ఉద్యోగం ఒప్పుకుంటున్నాను.” “నెల జీతం మీరు చెప్పినదానికి ఒప్పుకుంటున్నాను.” ఈ రెండు వాక్యాల్లో తేడా చిన్నది. కానీ మొదటిదానికి యాక్సెప్ట్, రెండోదానికి అగ్రీ టు. ఆ తేడా ఎక్కడ దొరుకుతుందో తర్వాతి మెట్టులో చూద్దాం.

2. విభక్తి చూడండి

చిన్నప్పుడు డు-ము-వు-లు అని వల్లించిన చదువు ఇన్నాళ్లకు అక్కరకొస్తుంది.

“కి” లేదా “కు” ఉంటే అగ్రీ టు. రేటుకు ఒప్పుకున్నాం: “వుయ్ అగ్రీడ్ టు ద రేట్”. సంబంధానికి ఒప్పుకున్నారు: “దే అగ్రీడ్ టు ద మ్యాచ్”. “రావడానికి”, “చేయడానికి” లాంటివి కూడా ఇక్కడికే వస్తాయి: “షి అగ్రీడ్ టు కమ్”. మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. “షి యాక్సెప్టెడ్ టు కమ్” తప్పు. యాక్సెప్ట్ తర్వాత టు పెట్టి క్రియ రాయరు.

“తో” ఉంటే అగ్రీ విత్. మీతో ఏకీభవిస్తున్నాను: “ఐ అగ్రీ విత్ యూ”. “ఐ యామ్ అగ్రీ” అని రాయకండి, అగ్రీ క్రియే కాబట్టి యామ్ అక్కర్లేదు. “ఐ డోంట్ యాక్సెప్ట్ విత్ యూ” కూడా లేదు. ఒకే మాట మీదికి వచ్చారంటే అగ్రీ ఆన్: మిర్చి యార్డులో కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ తేజ రకం మిర్చికి ఒక రేటు తెగ్గొట్టుకుంటే “దే అగ్రీడ్ ఆన్ ఎ ప్రైస్”. పెరుగు ఒంటికి పడదు అనడానికీ ఈ అగ్రీ విత్తే వాడతారు: “కర్డ్ డజ్ నాట్ అగ్రీ విత్ మీ”. పెరుగుతో మీకు అభిప్రాయభేదం ఉందని ఎవరూ అనుకోరు, ధైర్యంగా రాయండి.

“ని” ఉన్నా, ఏ విభక్తీ లేకుండా వస్తువు పేరు నేరుగా ఉన్నా రెండు దారులు. ఎదుటివాళ్లు ఇచ్చినదాన్ని తీసుకుంటుంటే యాక్సెప్ట్: ఉద్యోగం, ఆహ్వానం, బహుమతి, రాజీనామా, క్షమాపణ, సవాలు. తాను చేసినదాన్ని బయటపెడుతుంటే అడ్మిట్: “హి అడ్మిటెడ్ హిజ్ మిస్టేక్”, “హి అడ్మిటెడ్ టేకింగ్ ద మనీ”. ఇక్కడ “అడ్మిటెడ్ టు టేక్” అనకూడదు. పని ఒప్పుకోవడం ఈ రెంటికీ కొంచెం పక్కగా ఉంటుంది. ఆటోనగర్‌లో షెడ్డాయన రెండు లారీలకు బాడీ కట్టే పని ఒప్పుకుంటే “హి టుక్ ఆన్ ద జాబ్” అంటే చక్కగా ఉంటుంది, “హి యాక్సెప్టెడ్ ద ఆర్డర్” అన్నా నడుస్తుంది.

“అని” ఉంటే విషయం చూసి తేల్చుకోండి. అది అభిప్రాయమైతే అగ్రీ దట్, సొంత తప్పైతే అడ్మిట్ దట్, మింగుడుపడని నిజమైతే యాక్సెప్ట్ దట్. ఆయన ఇక లేరని ఒప్పుకోలేకపోతున్నాం అన్నచోట యాక్సెప్ట్ తప్ప ఇంకేదీ సరిపోదు.

మనసు ఒప్పుకోకపోతే? తుళ్లూరు వైపు పొలం అమ్మడానికి మనసు ఒప్పుకోవట్లేదు అనాలంటే పై మాటలన్నీ పక్కన పెట్టి “ఐ కెనాట్ బ్రింగ్ మైసెల్ఫ్ టు సెల్ ద ల్యాండ్” అని రాయండి. “మై మైండ్ ఈజ్ నాట్ యాక్సెప్టింగ్” అంటే మన ఊళ్లో అర్థమవుతుంది, అమెరికాలో మీ అబ్బాయి ఆఫీసులో అర్థం కాదు.

3. ఒప్పుకునేది పైవాళ్లా, సమానులా?

విభక్తి ఒక్కటే చూస్తే ఇక్కడ దెబ్బ తింటారు. “మేనేజర్ సెలవుకు ఒప్పుకున్నారు.” “కు” ఉంది కదా అని అగ్రీడ్ టు అంటే తప్పు కాదు గానీ ఆఫీసు మాట అది కాదు. అధికారం ఉన్నవాళ్లు సంతకం పెట్టి సరే అంటే అప్రూవ్: సెలవు, లోను, ఇంటి ప్లాను, బిల్లు. మీరు అడిగేటప్పుడు కూడా “కైండ్లీ అప్రూవ్ మై లీవ్” లేదా “కైండ్లీ గ్రాంట్ మీ లీవ్”. రాజీనామాకు మాత్రం యాక్సెప్టే: “కైండ్లీ యాక్సెప్ట్ మై రెజిగ్నేషన్”. సెలవు అడిగి పుచ్చుకునేది, రాజీనామా మీరు ఇచ్చేది. ఆ తేడా పట్టుకుంటే మర్చిపోరు.

అప్రూవ్ తర్వాత ఆఫ్ చేరిందో, అర్థం పక్కకు పోతుంది. “మై ఫాదర్ డజ్ నాట్ అప్రూవ్ ఆఫ్ హిమ్” అంటే నాన్నకు ఆ అబ్బాయి నచ్చలేదని. సంతకం మాట ఇందులో లేదు.

డాక్టరు ఒప్పుకోవట్లేదు అంటే నిజానికి అనుమతించట్లేదని: “ద డాక్టర్ డజ్ నాట్ అలౌ మీ టు ట్రావెల్”. ఆపరేషన్‌కు మీరు ఒప్పుకుంటూ సంతకం పెట్టేది కన్సెంట్. మీ ఒంటికో మీ హక్కుకో సంబంధించిన దానికి మీరు ఇచ్చే అనుమతి అది. “ఐ కన్సెంట్ టు ద ఆపరేషన్” అనే వాక్యం కింద సంతకం పెట్టేముందు అది ఏ ఆపరేషనో ఫారంలో రాసి ఉందో లేదో చూసుకోండి. ఇది ఇంగ్లీషు సలహా కాదనుకోండి, అయినా చెప్పకుండా ఉండలేను.

4. చేతికి వచ్చిందా, ఒప్పుకున్నారా?

ఈ మెట్టు దగ్గర నిదానించండి. డబ్బు పోయేది ఇక్కడే.

రిసీవ్ అంటే అందింది, అంతే. అక్నాలెడ్జ్ అంటే అందిందని ఎదుటివాళ్లకు చెప్పడం. యాక్సెప్ట్ అంటే అందినదాన్ని, ఉన్నది ఉన్నట్టు, మనదిగా తీసుకోవడం. “ఐ రిసీవ్డ్ ద ఆఫర్ బట్ డిడ్ నాట్ యాక్సెప్ట్ ఇట్” అనే వాక్యంలో మొదటి తేడా తేలిపోతుంది.

గుంటూరు నుంచి మిర్చి లోడు వేరే రాష్ట్రంలో దిగిందనుకుందాం. కొన్నవాళ్ల గుమాస్తా లారీ కాగితం మీద “గూడ్స్ రిసీవ్డ్” అని రాస్తే బస్తాలు దిగాయని అర్థం. “గూడ్స్ యాక్సెప్టెడ్” అని రాస్తే సరుకు తమకు సమ్మతమని. తేమ ఎక్కువుందనో తాలుకాయ కలిసిందనో తర్వాత తిప్పి పంపుదామంటే ఆ రెండో మాట కాళ్లకు అడ్డం పడుతుంది. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టంలో దీనికి విడిగా సెక్షన్లే ఉన్నాయి. 41వ సెక్షన్ ప్రకారం, ముందు చూడని సరుకును పరీక్షించుకునే అవకాశం కొన్నవాళ్లకు దొరకాలి. 42వ సెక్షన్ ప్రకారం, సరుకు ఒప్పుకున్నామని అమ్మినవాళ్లకు చెప్పినా, వద్దన్న కబురు పెట్టకుండా తగినంత కాలం దగ్గర ఉంచేసుకున్నా ఒప్పుకున్నట్టే లెక్క. కాబట్టి మీరు కొనేవైపు ఉంటే “రిసీవ్డ్, సబ్జెక్ట్ టు ఇన్‌స్పెక్షన్” అని రాయండి, ఆ ఇన్‌స్పెక్షన్ కూడా వెంటనే కానివ్వండి. అమ్మేవైపు ఉంటే ఎదుటివాళ్లు యాక్సెప్టెడ్ అని రాసేదాకా వెంటపడండి.

అక్నాలెడ్జ్‌మెంట్ చూసి సంబరపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేయగానే వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ మీ కాగితం చేరిందని మాత్రమే చెబుతుంది. మీ లెక్క సరేనన్నారో, తేడా ఉందన్నారో తర్వాత ఆ శాఖ పంపే ఇంటిమేషన్‌లో తెలుస్తుంది. కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినప్పుడు చేతిలో పెట్టే రసీదు కూడా ఇంతే.

ఆఫీసు వాట్సాప్‌లో “నోటెడ్” అనేది కూడా ఈ జాతిదే. గమనించాను అని దాని అర్థం, చేస్తానని కాదు. బాస్ ఆదివారం రమ్మంటే “నోటెడ్” అన్నారంటే రాననలేదు, వస్తాననీ అనలేదు. వచ్చేట్టయితే “ఓకే, ఐ విల్ కమ్” అనండి.

5. షరతు ఉంటే యాక్సెప్ట్ రాయకండి

“ఐ యాక్సెప్ట్ యువర్ ఆఫర్, బట్ ద శాలరీ షుడ్ బి ఇంక్రీజ్డ్.” ఇలాంటి వాక్యం దిద్దడానికి తెచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది, ఇది ఒప్పుకోవడం కాదని. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు సంపూర్ణంగా, ఏ షరతూ లేకుండా ఉండాలి. బట్ చేరిందంటే మీరు కొత్త ప్రతిపాదన పెట్టినట్టు, బంతి మళ్లీ వాళ్ల చేతికి పోయినట్టు.

అందుకని రెండు వేర్వేరు ఉత్తరాలుగా ఆలోచించండి. బేరం మిగిలి ఉంటే: “థాంక్ యూ ఫర్ ద ఆఫర్. బిఫోర్ ఐ యాక్సెప్ట్, ఐ వుడ్ లైక్ టు డిస్కస్ ద శాలరీ.” బేరం అయిపోయాక: “ఐ యామ్ హ్యాపీ టు యాక్సెప్ట్ ద పోస్ట్ ఆఫ్ అకౌంటెంట్ ఆన్ ద టర్మ్స్ స్టేటెడ్ ఇన్ యువర్ లెటర్.” ఉత్తరం తేదీ, మీరు చేరే తేదీ కలపండి. “ఐ యామ్ యాక్సెప్టింగ్” అనే సాగతీత వద్దు, “ఐ యాక్సెప్ట్” చాలు.

జవాబే ఇవ్వకపోతే? మౌనం అర్ధాంగీకారం అని మనకు సామెత. ఇంగ్లీషు కోర్టు దానికి ఒప్పుకోలేదు. 1862లో ఫెల్ట్‌హౌస్ అనే ఆయన తన అన్నదమ్ముల కొడుకు గుర్రాన్ని కొనదలచి, ఇంకేమీ కబురు రాకపోతే ముప్పై పౌండ్ల పదిహేను షిల్లింగులకు గుర్రం నాదే అనుకుంటానని ఉత్తరం రాశాడు. కబురు రాలేదు. గుర్రం పొరపాటున వేలంలో వేరొకరికి పోయింది. ఆయన కోర్టుకెళితే, ఎదుటివాడి మౌనాన్ని ఒప్పుకోలుగా నీ అంతట నువ్వు నిర్ణయించలేవన్నారు. కాబట్టి మీరూ మౌనంగా ఉండకండి, ఎదుటివాళ్ల మౌనాన్నీ నమ్ముకోకండి.

6. స్పెల్లింగు, రూపం సరిచూడండి

యాక్సెప్ట్‌లో ఎ తర్వాత రెండు సిలు. మొదటిది క, రెండోది స పలుకుతాయి. ఎక్సెప్ట్‌లో ఇ, ఎక్స్, సి వస్తాయి, అర్థం “తప్ప”. ఎక్స్‌పెక్ట్ అంటే వస్తుందని అనుకోవడం. మొదటి రెండూ ఇంగ్లీషువాళ్ల నోట దాదాపు ఒకేలా వినిపిస్తాయి, చెవిని నమ్ముకుంటే లాభం లేదు. దుకాణం బోర్డు మీద “ఓపెన్ ఆల్ డేస్ యాక్సెప్ట్ సండే” అని పడితే స్పెల్లింగు చూసే సాఫ్ట్‌వేర్ పట్టదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే. ఆ చోట తెలుగులో “తప్ప” పెట్టి చూడండి. అతికితే ఎక్సెప్ట్.

నామవాచకం యాక్సెప్టెన్స్. కొందరు యాక్సెప్టేషన్ అని రాస్తారు. నిఘంటువులో అదీ ఉంది గానీ, ఒక మాటకు జనంలో చలామణి అయ్యే అర్థం అని దాని భావం. మీ ఉత్తరంలో దానికి చోటు లేదు.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి అమెరికా చదువుల కన్సల్టెన్సీల్లో, సీటు వచ్చిందనడానికి “ఎడ్మిట్ వచ్చింది” అనడం మామూలే. మాటల్లో ఫర్వాలేదు. యూనివర్సిటీకో బ్యాంకుకో రాసేటప్పుడు మాత్రం “ఆఫర్ ఆఫ్ అడ్మిషన్” అని రాయండి. యాక్సెప్టెన్స్ లెటర్ అనే మాటతో ఇంకో చిక్కుంది. ఉద్యోగంలో అది మీరు కంపెనీకి రాసేది, అమెరికా కాలేజీ విషయంలో కాలేజీ మీకు పంపేది. బ్యాంకువాళ్లు లోన్‌కు అడిగినప్పుడు ఏది కావాలో ఒకసారి కనుక్కోండి.

7. కాదంటే ఏమంటారో చూసి సరిచూసుకోండి

రాయడం అయ్యాక ఇదొక్కటీ చేయండి. మీ వాక్యాన్ని కాదనే వాక్యంగా తిప్పండి. ఆ తిప్పినది నప్పితే మీరు ఎంచుకున్న మాట సరైనదే.

యాక్సెప్ట్‌కు ఎదురు డిక్లైన్ లేదా రిజెక్ట్. ఆహ్వానానికి, ఉద్యోగానికి మర్యాదగా వద్దనాలంటే డిక్లైన్ రాయండి. “ఐ రిజెక్ట్ యువర్ ఇన్విటేషన్” అంటే శుభలేఖ మొహాన కొట్టినట్టు ఉంటుంది. అడ్మిట్‌కు ఎదురు డినై, అంటే చేయలేదనడం. అగ్రీ విత్‌కు డిజగ్రీ, ఏదైనా చేయడానికి అగ్రీ అయితే రెఫ్యూజ్. అక్నాలెడ్జ్‌కు ఇగ్నోర్.

ఉదాహరణకు “ఐ అడ్మిట్ యువర్ ఆఫర్” అని రాశారనుకోండి. తిప్పితే “ఐ డినై యువర్ ఆఫర్”, అంటే అసలు ఆఫరే ఇవ్వలేదని మీరు వాదిస్తున్నట్టు. అతకదు కదా, మార్చండి.

ఇప్పుడు ఇవి మీరే చేసి చూడండి. జవాబులు కింద ఉన్నాయి, ముందే చూడకండి.

క. ఇంటి ఓనరు అద్దె తగ్గించడానికి ఒప్పుకున్నారు.
ఖ. కార్పొరేషన్‌వాళ్లు మా ప్లాను ఒప్పుకున్నారు.
గ. అద్దం తనే పగలగొట్టానని పిల్లాడు ఒప్పుకున్నాడు.
ఘ. మీ పెళ్లి పిలుపు సంతోషంగా ఒప్పుకుంటున్నాం.
చ. మీ ఉత్తరం ముట్టింది, ఇంకా నిర్ణయం తీసుకోలేదు.

జవాబులు: క. అగ్రీడ్ టు రెడ్యూస్. ఖ. అప్రూవ్డ్. గ. అడ్మిటెడ్ దట్ లేదా అడ్మిటెడ్ బ్రేకింగ్. ఘ. యాక్సెప్ట్, విత్ ప్లెజర్ చేర్చుకోవచ్చు. చ. అక్నాలెడ్జ్. ఇక్కడ యాక్సెప్ట్ రాస్తే నిర్ణయం తీసేసుకున్నట్టే. క దగ్గర యాక్సెప్టెడ్ అని పెట్టినవాళ్లు రెండో మెట్టు మరోసారి చదవండి.

ఇంత చేసినా ఏ మాట వేయాలో తేలకపోతే, ఒప్పుకోవడం అనే మాటే మానేసి చేయబోయే పని రాయండి. “ఐ విల్ జాయిన్ ఆన్ ద ఫస్ట్ ఆఫ్ జూన్.” “వుయ్ విల్ పే ద అమౌంట్ బై ఫ్రైడే.” తేదీ, మొత్తం స్పష్టంగా ఉంటే చాలు, చదివినవాళ్లు మీరు ఒప్పుకున్నారా లేదా అని తిరిగి అడగరు.